అడగకుండా కట్టుకున్న సంచి

"విప్పు! ముందు గా సంచి విప్పు!"

బయ్యారం రోడ్డు మీద నేను అరిచిన అరుపుకు గంటెలు ఆగిపోయాయి. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఆ పూట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నాం. ఒక పక్క అన్నం ఉడుకుతోంది, ఇంకో పక్క జై తెలంగాణ అని గొంతులు పగులుతున్నాయి. ఆ మధ్యలో సంజీవ అనే మహానుభావుడు నా అద్దాల సంచి నడుముకు కట్టుకుని, అందులోంచి చిక్కుడు గింజలు తీసి వచ్చినవాళ్లకల్లా పంచుతున్నాడు.

"ఏమైంది రుక్కీ? వాన పడేటట్టున్నది. గింజలు తడుస్తయని జర దీంట్ల పోసిన" అన్నాడు. పైగా నవ్వు.

"నిన్నెవరు తీసుకొమ్మన్నరు?"

"నీ క్లాసుల బల్ల మీదనే ఉండె గద. అన్నీ నమూనాలే అనుకున్న."

నమూనానట! ఒళ్లు మండిపోయింది. మా లంబాడీల్లో ఆ సంచికి ఒక్కటే పని. పిల్ల తన చేత్తో కుట్టి, తాను చేసుకోబోయేవాడికి ఇస్తుంది. అతను అందులో వక్కలు పోసి నడుముకు కట్టుకున్నాడంటే ఇక సంబంధం కుదిరినట్టే. అటువంటిదాంట్లో చిక్కుడు గింజలు!

పుట్టుకకు సంజీవ కూడా లంబాడీయే. కానీ పెరిగింది జనగామ రైల్వే క్వార్టర్లలో. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇలాంటి సంగతులు చెప్పే ఆడదిక్కు ఆ ఇంట్లో లేకపోయింది.

చుట్టూ మా తండా ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. రాధాబాయి చిన్నమ్మ అయితే అప్పుడే పెళ్లిపాట అందుకుంది. ఆ గోలలో సంచి విప్పించడం నా వల్ల కాలేదు.

అసలీ గొడవంతా ఆ క్లాసుల వల్లే వచ్చింది. వానలు వెనకబట్టాక, బతుకమ్మ పండుగకు ముందు, ఒక సంస్థవాళ్లు మా తండా బడికి 'ప్రకృతితో బతుకు' అని బ్యానర్ కట్టి శిక్షణ మొదలుపెట్టారు. పంతుళ్లు సమ్మెలో ఉన్నారు కనుక బడి ఖాళీ. ఒక గదిలో నేను అద్దాల కుట్టు నేర్పేదాన్ని. బయట వరండాలో సంజీవ వానపాముల ఎరువు గురించి, విత్తనాలు దాచుకోవడం గురించి చెప్పేవాడు. వారంలో పోవాల్సినవాడు. బస్సులు బంద్ కావడంతో ఇక్కడే చిక్కుకుపోయాడు.

"నీ అద్దాలల్ల నా మొఖం ముక్కలు ముక్కలుగ కనవడుతున్నది" అని ఒకరోజు వెక్కిరించాడు.

"ఉన్నదే కనవడుతది" అన్నాను.

పడి పడి నవ్వాడు. నాకూ నచ్చాడు, అబద్ధమెందుకు? అతను ఎరువు గుంట దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటుంటే సూది నా వేలికి గుచ్చుకునేది. కానీ అది నా సంగతి. అతనికి చెప్పానా? ఇంకెవరికైనా చెప్పానా?

వంటావార్పు అయిన సాయంత్రానికల్లా మా నాయక్, అంటే తండా పెద్ద దేవ్యా తాత, మా వాకిట్లో మంచమేయించుకుని కూర్చున్నాడు. సంజీవ వాళ్లు బానోతులు, మేము భూక్యాలం, ఇంటిపేర్లు వేరు కనుక సంబంధానికి అడ్డు లేదన్నారు. జనగామకు ఫోన్ చేసి సంజీవ తండ్రితో మాట్లాడేశారు. ఆయన సంతోషం పట్టలేక ఫోన్లోనే ఏడ్చాడట. సమ్మె అయిపోయి బస్సులు నడవగానే పెళ్లి అన్నారు. మా యాడి రామి అందరికీ బెల్లం పంచుతోంది. మా భాషలో యాడి అంటే అమ్మ.

"నన్నడిగిన్రా?" అన్నాను.

"ఇంక అడిగేదేందే? సంచి ఇచ్చినవ్ గద" అన్నాడు తాత.

"నేనియ్యలే!"

"సిగ్గుపడుతున్నది పిల్ల" అంది యాడి.

సిగ్గా! పళ్లు పటపటలాడిస్తున్నా సిగ్గేనట. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తెల్లారి బడికి పోయి ఎరువు గుంట దగ్గర సంజీవను పట్టుకున్నాను. సంచి ఇంకా నడుముకే ఉంది.

"తాత పెండ్లి ముచ్చట చెప్పంగనే నవ్వినవంట?"

"నవ్విన." తల దించుకున్నాడు. "సంచి సంగతి నాకెరుక లేకుండె. ఎరుకైనంక మస్తు సంతోషమైంది రుక్కీ. నువ్వంటే నాకు మొదటి దినం నుంచే ఇష్టం."

గుండె ఝల్లుమంది. అలా ఝల్లుమన్నందుకు ఇంకా కోపమొచ్చింది.

"నీకు సంతోషమైతే అయిపాయెనా? నిన్న మైకు పట్టుకొని ఏమన్నవ్? మమ్మల్ని అడగకుండ ఆంధ్రల కలిపిన్రు, మా మాటకు ఇలువ లేకపాయె అని గొంతు చించుకున్నవ్. నేను సుత చప్పట్లు కొట్టిన. మరి నన్నడగకుండ నన్ను కలుపుకుంటుంటే నవ్వొచ్చిందా నీకు?"

సంజీవ చేతికంటిన మట్టి ప్యాంటుకు తుడుచుకుని గబగబా తండాలోకి నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను.

దేవ్యా తాత ముందు నిలబడి సంచి విప్పి మంచం మీద పెట్టాడు.

"రుక్కి ఇయ్యలే తాతా. నేనే అడగకుండ తీసుకున్న. ఆమె తప్పేం లేదు. పెండ్లి మాట ఇడ్సిపెట్టున్రి."

నోరు మూసుకుని ఉంటే పిల్ల దక్కేది. అది తెలిసి కూడా చెప్పాడు.

తాత మంచం మీంచి లేచాడు. "ఆడపిల్ల సంచి ఎత్తుకపోయినోనికి గీ తండాల జాగ లేదు. క్లాసుల్లేవ్, గీసుల్లేవ్. నడువ్!"

సంజీవ ఒక్క మాట ఎదురు చెప్పకుండా బ్యాగు సర్దుకుని బయల్దేరాడు. నాకు మళ్లీ మండింది.

"ఎళ్లగొట్టే ముందన్న నన్నడిగిన్రా తాతా? పోయింది నా సంచి. కోపం నాది. నడుమ తీర్పు మీరెట్ల చెప్తరు?"

"ఏం పిల్లవే నువ్వు! పెండ్లి చేస్తమన్నా కోపమే, వద్దన్నా కోపమే!"

"అడగకుంటే కోపమే!"

అప్పటికే వాన మొదలైంది. రోడ్డెక్కి చూస్తే సంజీవ బ్యాగు నెత్తిన పెట్టుకుని పోతున్నాడు.

"ఎటు పోతున్నవ్?"

"జనగామకు."

"బస్సుల్లేవు గద."

"నడుస్త."

"పిచ్చి లేసిందా? అంత దూరం నడుస్తవా?"

"ఏం చెయ్యాలె మరి? ఉండుమన్నోళ్లెవరున్నరు?"

"మళ్ల గదే! నన్నడిగినవా?"

అతను ఆగాడు. బ్యాగు కింద పెట్టాడు. నెత్తి మీంచి కారుతున్న నీళ్లు కూడా తుడుచుకోలేదు. గోనె సంచులు కప్పుకుని మా ఆడవాళ్లంతా నా వెనకే వచ్చి నిలబడ్డారు. అతను వాళ్లవైపు చూడలేదు.

"రుక్కీ, నన్ను చేసుకుంటవా? వద్దంటే వద్దు, గిట్లనే పోత. నువ్వు ఏదో ఒకటి చెప్పేదాక ఈడనే నిలబడ్త."

తిట్లయితే నా నాలుక మీదే ఉంటాయి. ఈ ఒక్క మాటకు జవాబు నోటికి రాలేదు. బడి మాన్పించినప్పుడు నన్నడగలేదు. మిరప తోటల్లో కూలికి పంపినప్పుడు అడగలేదు. ఇన్నేళ్లకు ఒక మనిషి నన్ను అడిగి, నా జవాబు కోసం వానలో నిలబడ్డాడు.

"చేసుకుంటది బిడ్డా, చేసుకుంటది! తడువకు, ఇంట్లకు రా!" అని వెనకనుంచి యాడి కేక పెట్టింది.

గిర్రున తిరిగాను.

"నువ్వూకో యాడీ! అడిగింది నన్ను. చెప్పేది నేను!"

యాడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాధాబాయి చిన్నమ్మ మొదలుపెట్టబోయిన పాట మింగేసింది.

అప్పుడు సంజీవవైపు తిరిగాను.

"చేసుకుంట" అన్నాను, ఆ కోపంతోనే.