సొట్ట తీసిన టాంకి

బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు కథలాపూర్ దారి పక్క కాలువలో హన్మండ్లు శవం దొరికింది. ముందు రోజు చీకటి పడ్డాక పొలం నుంచి సైకిల్ మీద బయలుదేరిన రైతు. తలకు దెబ్బ.

లారీ గుద్దిందన్నారు అందరూ.

ఎస్సై నీల సైకిల్ ముందు కూర్చుంది. చక్రాలు వంకర పోలేదు. హ్యాండిల్ కుడి రబ్బరు మాత్రం చిరిగింది. ఇనుప గొట్టం కొసన ఎర్రటి మరక. రక్తమనుకున్నాడు కానిస్టేబుల్.

కాదు. పెయింట్.

అది చూసి మృతుడి అన్న బుచ్చయ్య మరక మీదికి వంగాడు. కోరుట్లలో బైకుల టాంకీలకు సొట్టలు తీసి రంగులేసే మనిషి అతను.

"ఏంది బుచ్చయ్యా?"

"గీ రంగు టాంకి ఇయ్యాల పొద్దుగాల్నే చేసిన మేడం. సాగర్ అని, దుబాయ్ నుంచి సెలవుల అచ్చిండు. అర్జెంటన్నడు."

మర్నాడు సాగర్‌ను బండితో సహా బుచ్చయ్య షాపుకే పిలిపించింది నీల. కొత్త రంగుతో టాంకి మెరుస్తోంది.

"సొట్ట ఎట్ల పడ్డది?"

"బండి గోడకు ఒరిగింది మేడం."

"గోడకైతే గీతలు పడాలె. ఉండెనా బుచ్చయ్యా?"

"ఒక్కటి లేకుండె. గుండ్రంగ, బొటనవేలు పట్టేటంత."

నీల సైకిల్‌ను బైకు మీదికి వంచింది. హ్యాండిల్ కొస టాంకిని తాకింది.

"లారీ కాదు. నీ బండి తాకి సైకిల్ గిట్ల ఒరిగింది. కొస టాంకిల దిగింది. మనిషి కాలువల పడ్డడు."

సాగర్ ముఖం పాలిపోయింది. అయినా టాంకి మీద చెయ్యి వేశాడు.

"ఏది సొట్ట? సూపెట్టుండ్రి."

నీల తడిమి చూస్తే టాంకి నున్నగా ఉంది. కడ్డీ అతికించి సొట్ట లాగింది బుచ్చయ్యే. నీళ్లు పోస్తూ పాత రంగంతా గీకిందీ అతనే. ఆ నీళ్లు మోరీలో కలిశాయి. ఎర్ర బండ్లు జిల్లా నిండా ఉన్నాయి. మిగిలింది సొంత అన్న సాక్ష్యం. ఏ వకీలైనా నిమిషంలో కొట్టేస్తాడు.

బండిని సీజ్ చేసి ల్యాబ్‌కు పంపింది. ఆశ లేదు. సాగర్ సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

"మేడం, డాక్టరేమన్నడు? మా తమ్ముడు పడంగనే పోయిండా?"

అబద్ధం చెప్పాలనుకుంది నీల. నోరు రాలేదు.

"లేదు. నిన్న పొద్దున తొమ్మిది దాకా పాణమున్నదట."

బుచ్చయ్య షాపులోని స్టూలు వైపు చూపించాడు.

"గప్పుడు నేను సొట్ట లాగుతున్న మేడం. గా సాగర్ గీన్నే కూసున్నడు. చాయ్ గూడ నేనే తెప్పిచ్చిన."