మళ్లీ కలవని కూడిక

మూసీ వరద హైదరాబాద్ బస్తీలను ముంచిన ఏడాది అది. నీళ్లు తగ్గిన వారానికి, కట్టంగూర్ దగ్గర హైవే మీద మల్లేష్‌ను లారీ గుద్దింది. లారీ ఆగలేదు. దానికి నంబర్ ప్లేటు లేదు.

మల్లేష్ చౌటుప్పల్ దగ్గర ఓ మందుల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసేవాడు. అంతకు కాసేపటి ముందే గూఢచారి శాఖకు ఫోన్ చేశాడు. "ఫార్ములా లోపట దొంగ దూరిండు" అన్నాడు. అంతే.

చీఫ్ రాంచందర్ ఏజెంట్ శ్రవణ్‌ను పిలిపించాడు.

"విదేశీ ముఠా. రియాక్టర్ పేల్చాలె, చుట్టు ఊర్లకు విషగాలి వదలాలె అని వాళ్ల ప్లాను. రేపటి బ్యాచ్ మీద కన్నేసిండ్రు."

"బ్యాచ్ ఆపుదామా సార్?"

"ఆపితే జారుకుంటరు. ఇంకో ఫ్యాక్టరీల పెడ్తరు. లోపల మన సింధూజ ఉన్నది. గేటు కాడ ఛాయ్ అమ్మే జంగయ్య మనోడే. మల్లేష్ పోయిన ముచ్చట మాత్రం వాళ్లకు గూడ చెప్పలే. మల్లేష్ వాళ్లమ్మకు గూడ."

మర్నాడు శ్రవణ్ చీరల మూటతో ఫ్యాక్టరీకి వెళ్లాడు. అందరికీ కరోనా మాస్కులున్న ఏడాది. వేషానికి శ్రమ లేదు. చీరల మడతల్లో లాప్‌టాప్ ఉంది.

"ఎర్ర అంచు ఉన్నదా?" అంది సింధూజ. నల్లద్దాలు, సెంటు వాసన.

"ఉన్నది. రంగు పోదు."

కోడ్ మాట కలిసింది. కంట్రోల్ రూమ్ తలుపు తెరుచుకుంది. అప్పటికే బ్యాచ్ మొదలైంది.

"ఫార్ములాలన్ని ప్రింట్ తీసి చూసిన. ఒక్క తప్పు లేదు" అంది సింధూజ.

"ప్రింట్‌ల అన్ని మంచిగనే కనవడ్తయ్."

ఆ ఫార్ములాలను నడిపే లైబ్రరీ, అంటే ముందే రాసి ఉంచిన ప్రోగ్రాముల కట్ట, గుర్తులతో లెక్క చేస్తుంది. కూడికకు ఒక టైపు, గుణకారానికి ఒక టైపు. పాత టైపు నుంచి కొత్త టైపు పుట్టించవచ్చు. సబ్‌క్లాస్ అంటారు. మగ్గం మీది పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికినట్టే. పాతదాని నడకంతా కొత్తదానికి వస్తుంది. అతికేవాడు దొంగైతే ఒక్క పోగు మార్చినా చాలు. శ్రవణ్ నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాడు.

ప్రతి ఫార్ములాను భాగాలుగా విప్పించాడు. ఆ భాగాలతోనే మళ్లీ కట్టించాడు. నిఖార్సైనదైతే మళ్లీ అదే రావాలి. అన్నీ వచ్చాయి. చల్లనీళ్ల వాల్వును నడిపే కూడిక రాలేదు.

అది కూడిక కాదు, కూడిక సబ్‌క్లాస్. అడిగితే కూడికనే అంటుంది. భాగాల్లో ఎక్కడా చూపకుండా ఒక అంకెను కడుపులో దాచుకుంది. వేడి ఆ అంకె దాటగానే కూడాల్సిన వాటిలోంచి ఒకదాన్ని తీసేస్తుంది. ఇక నీళ్లు అక్కర్లేదని కంప్యూటర్ అనుకుంటుంది.

"మల్లేషే రాసిండేమో" అంది సింధూజ.

"ఫోన్ చేసి అడగకపోయినవా?"

"సచ్చినోనికి ఫోనెట్ల చేస్త?"

శ్రవణ్ తలెత్తాడు. "సచ్చిండని నీకెవరు చెప్పిండ్రు?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది.

"కీబోర్డు ముట్టకు. నా బండి తయారున్నది."

"కింద షిఫ్టుల మనుషులున్నరు."

"ఉండనీ."

ప్రెజర్ ముల్లు ఎరుపులోకి పోయింది. బయట మాటలు విని, ఛాయ్ కెటిల్‌తో తలుపు తోసుకుని జంగయ్య వచ్చాడు.

"ఛాయ్, మేడం."

కెటిల్ ఆమె ముఖాన పడింది. తూటా జంగయ్య భుజంలో దిగింది. శ్రవణ్ ఆ ఒక్క వరుసలో సబ్‌క్లాస్ పేరు కొట్టేసి అసలు కూడిక పేరు రాశాడు. ఎంటర్ నొక్కాడు. ముల్లు చివరి గీత మీద వణికి, వెనక్కి మళ్లింది.

సింధూజ కోసం బండిలో కూర్చున్న విదేశీయులను శాఖ మనుషులు గేటు దాటనివ్వలేదు.

తెల్లారి శ్రవణ్ బీమా ఆఫీసు మనిషిలా మల్లేష్ ఇంటికి వెళ్లాడు. ఉత్త యాక్సిడెంట్ అని చెప్పాలని ఆర్డరు. మల్లేష్ తల్లి లీలమ్మ మగ్గం ముందు కూర్చుని పోగులు అతుకుతోంది. అతను చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. ఏడవలేదు.

సగం పోగులు వేలాడుతున్నాయి. శ్రవణ్ బ్యాగు పక్కన పెట్టి, పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని, ఆమె ఆపిన చోట అందుకున్నాడు.

లీలమ్మ చాలాసేపు ఆ చేతుల వంకే చూసింది.

"బీమా ఆఫీసుల పోగులతుకుడు గూడ నేర్పిస్తరా, బిడ్డా?"

శ్రవణ్ తర్వాతి పోగు అందుకున్నాడు.