పలక మీది పాచి

లాంచీ మునిగిన రోజు పొద్దున్న నది మీద పొగమంచు దట్టంగా ఉంది. ఎనిమిదింటికి రేవు వదిలిన లాంచీ ఇరవై నిమిషాలకల్లా మలుపు దగ్గర నీళ్ల కింద ఉన్న రాతిగట్టును కొట్టుకుంది. నలభై ఇద్దరు ఎక్కితే పద్నాలుగు మంది పోయారు. మూడు రోజుల్లో పదమూడు శవాలు దొరికాయి. లాంచీ నడిపిన సరంగు మాత్రం దొరకలేదు. దొరకని మనిషి మీద నోళ్లు ఊరుకోవు. ఈదుకుంటూ అవతలి ఒడ్డెక్కి పారిపోయాడన్నారు. చూసినవాళ్లు కూడా ఉన్నారన్నారు.

ఆరో రోజున సరంగు భార్య గొడుగాయన ఆఫీసుకు వచ్చింది. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉంటుంది కాబట్టి ఆ ప్రైవేటు డిటెక్టివ్‌ను అందరూ గొడుగాయన అంటారు. ఆయన దగ్గర పనిచేసే ఆమె ఇదివరకు బడిలో పాఠాలు చెప్పేది. బడి మానేసి నాలుగేళ్లయినా ఆయన ఇప్పటికీ టీచరమ్మా అనే పిలుస్తాడు.

సరంగు భార్య ఒంటరిగా రాలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి అరవై దగ్గర పడ్డ ఒకాయన వెంట వచ్చాడు. గడప దగ్గర ఆయన కాలు తట్టుకుని కాస్త తూలాడు.

"మా అన్నయ్య," అంది ఆమె. "రేవులో నీటిమట్టం చూసి రాసే ఉద్యోగం. ఈ ఆరు రోజులూ నన్ను వదిలిపెట్టలేదు."

"ఏం కావాలమ్మా మీకు?" అన్నాడు గొడుగాయన.

"రేపటితో విచారణ మూసేస్తారట. తప్పు మా ఆయనదేనని, పారిపోయాడని రాస్తారట. ఆయన పోయాడు సార్. పోయినవాణ్ణి పారిపోయాడంటే నేను బతికినన్నాళ్లూ వినాలి. నా పిల్లలు వినాలి." దగ్గు వచ్చింది.

అన్నగారు బల్ల మీద కూజా తడిమి అందుకుని గ్లాసులోకి నీళ్లు వంచాడు. చూపుడువేలు గ్లాసు అంచు లోపల పెట్టి, నీళ్లు వేలికి తగలగానే ఆపాడు. టీచరమ్మ అది చూసింది. బాధలో ఉన్నవాళ్ల చేతులు ఎలా తడబడతాయో ఆమెకు తెలుసు. అందుకే పట్టించుకోలేదు.

"విచారణలో ఏం తేలింది?" అడిగాడు గొడుగాయన.

అన్నగారు చెప్పాడు. గొంతు నిలకడగానే ఉంది. రేవులోని ఇనప స్తంభానికి అంకెలున్న ఇనప పలక ఒకటి ఉంటుంది. నీళ్లు ఏ అంకె దగ్గరుంటే అది ఆ రోజు మట్టం. రెండు మీటర్లు, ఆపైన ఉంటే లాంచీ రాతిగట్టు మీదుగా నేరుగా పోవచ్చు. తక్కువుంటే అవతలి ఒడ్డు వారగా చుట్టు తిరిగి పోవాలి. అది నిబంధన. ఆ పొద్దున్న ఆయన రిజిస్టరులో రాసిన మట్టం ఒకటీ అరవై. సాయంత్రం విచారణాధికారి వచ్చి చూసినా పలక ఒకటీ అరవై అనే చెప్పింది. సరంగు నేరుగా పోనిచ్చాడు.

"మీ బావగారు అలాంటి మనిషా?"

"కాదు," అన్నాడు ఆయన. "నదికి నువ్వు గుమస్తావి, నేను డ్రైవర్ని అనేవాడు నాతో. నీ పలక చెప్పనిదే నేను కదలను బావా అనేవాడు."

* * *

మధ్యాహ్నం ఇద్దరూ రేవుకు వెళ్లారు. లాంచీ ఇంజను చూసుకునే మనిషి తాళ్లగుట్ట మీద కూర్చుని ఉన్నాడు. తలకు కట్టు ఉంది.

"మీరూ నన్ను అబద్ధాలకోరు అనడానికే వచ్చారా? కూర్చోండి. వరసలో మీ ముందు ఏడుగురున్నారు," అన్నాడు.

"ఏడుగురితో ఏం చెప్పావో మాకూ చెప్పు."

"బయలుదేరేముందు సరంగుగారు వంగి పలక చూశారు. 'రెండూ పది, నేరుగా పోదాం' అన్నారు. నా చెవులతో విన్నాను. అధికారిగారేమో పలక ఒకటీ అరవై చూపిస్తోంది కదయ్యా అంటారు. ముప్పై ఏళ్లు నది మీద బతికినవాడికి అరవైకీ పదికీ తేడా తెలియదా సార్?"

"పొగమంచులో పొరపాటు పడ్డాడేమో."

"మెట్లు కనపడవు, ఒడ్డు కనపడదు. పలక మూరెడు దూరంలో ఉంది. అదొక్కటే కనపడేది. కన్ను మోసం చేస్తుందిరా, పలక చెయ్యదు అనేవారాయన." కట్టు సవరించుకున్నాడు. "ఇంకోటి కూడా రాసుకోండి. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేవరకూ చుక్కాని దగ్గరే ఉన్నారు. నన్ను కాలితో తన్ని దూకమన్నారు. పారిపోయేవాడు ఇంకొకణ్ణి ముందు తోస్తాడా?"

"ఆ మధ్యాహ్నం రేవులో ఎవరున్నారు?"

"ఎవరుంటారు? అందరూ మలుపు దగ్గరే, శవాలు తీస్తూ. కొలతలాయన మాత్రం నా నోటి నుంచి ఈ రెండూ పది మాట విన్నాక ఇటు నడిచొచ్చాడు పాపం. చెల్లెలి దగ్గరికి అనుకుంటా."

గొడుగాయన మెట్లు దిగి స్తంభం ముందు నిలబడ్డాడు. పలక నిలువెత్తు పోత ఇనుము. అంకెలు ఉబ్బెత్తుగా ఉన్నాయి. రెండు కమ్మీల మధ్య పైకీ కిందికీ జారేలా అమర్చి పైన మరలతో బిగించారు. పక్కనే సరుకు ఎత్తే కప్పీ వేలాడుతోంది.

"ఏం కనపడుతోంది టీచరమ్మా?"

"పాచి. పలక మీద రెండూ ఎనభై దాకా ఎండి పెచ్చులు కట్టింది."

"స్తంభం మీద?"

ఆమె చూసింది. స్తంభం మీద పాచి మూరెడు కిందనే గీత గీసినట్టు ఆగిపోయింది. పలక మీది అంకెలతో పోలిస్తే రెండూ ముప్పై దగ్గర.

"పలకకు రంగు వేసింది ఎప్పుడోయ్?" అని ఇంజను మనిషిని కేకేశాడు.

"వరద తీశాక సార్. నలభై అయిదు రోజులయ్యుంటుంది. దించి, స్తంభం కూడా గీకి కడిగి, మళ్లీ ఎక్కిస్తారు. మరలు బిగించేది కొలతలాయనే."

మరల కింద మూరెడు దూరంలో స్తంభానికి పాత బెజ్జాలు రెండున్నాయి. ఎప్పుడో వాడి మానేసినవి. మట్టితో పూడి ఉండాలి. కానీ లోపల కొత్తగా గీసుకుపోయి ఇనుము మెరుస్తోంది. గొడుగాయన తన గొడుగు కర్ర మీద కోసుకున్న గాట్లతో మెట్టు ఎత్తు కొలిచాడు. ఇరవై సెంటీమీటర్లు. ఇంకొకటి కొలిచాడు. అదీ ఇరవయ్యే.

కొలతగదిలో రిజిస్టర్లు చూసే పని టీచరమ్మకు అప్పజెప్పాడు. పిల్లల పలకలు దిద్దిన కళ్లు ఆమెవి. పాత పుస్తకాల్లో ఒకటీ అరవై మూడు, రెండూ పద్దెనిమిది, ఒకటీ డెబ్భై ఏడు. రెండేళ్ల కిందటి ఒక పేజీ తరువాత అలాంటి అంకె ఒక్కటీ లేదు. ఒకటీ అరవై, ఒకటీ డెబ్భై, రెండు, రెండూ పది. ప్రతి రోజూ చివర సున్నా. రంగు వేసిన తరువాత రాసిన వాటిలో అన్నిటికన్నా పెద్దది రెండూ ముప్పై.

"రిజిస్టరు దిద్దారా సార్?" అంది ఆమె.

"లేదు. అదే దీనిలోని దుఃఖం. రిజిస్టరు నిజమే చెప్పింది."

* * *

మర్నాడు పదింటికి గొడుగాయన కబురు మీద విచారణాధికారి రేవుకే వచ్చాడు. సరంగు భార్య, అన్నగారు, ఇంజను మనిషి మెట్ల మీద నిలబడ్డారు. అధికారి గడియారం చూసుకున్నాడు.

"త్వరగా కానివ్వండి. కాగితం టైపు కూడా అయిపోయింది."

"రెండు నిమిషాలు ఆగితే మళ్లీ టైపు చేయించుకోవలసి వస్తుంది," అన్నాడు గొడుగాయన. "పలక మీద పాచి చూడండి. స్తంభం మీద పాచి చూడండి. రెంటినీ ఒకే రోజు కడిగారు. ఒకే నీళ్లు తగిలాయి. నీళ్లు పలక మీద మాత్రమే మూరెడు ఎక్కి, పక్కనున్న స్తంభం మీద ఎక్కకుండా ఉంటాయా?"

అధికారి కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"అంటే పలక ఇంతకన్నా కింద ఉండేది."

"రంగు వేశాక పాత బెజ్జాలకు బిగించారు. యాభై సెంటీమీటర్లు దిగింది. పలక దిగితే అంకె పెరుగుతుంది. అసలు మట్టం ఒకటీ అరవై ఉన్నప్పుడు అది రెండూ పది చూపించింది. అంతకు ముందు నదిలో నీళ్లు రెండు మీటర్లకు తగ్గలేదు కాబట్టి తప్పు బయటపడలేదు. ముందు రోజు రాత్రి ఒక్కసారిగా తగ్గింది, ఆ తరువాత మొదటి ప్రయాణం అదే. సరంగు నిబంధన తప్పలేదు. మధ్యాహ్నం రేవు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరో కప్పీతో పలకను మళ్లీ పైకి లాగారు."

"మరి రిజిస్టరులో ఒకటీ అరవై ఎలా రాశారు? పలక తప్పు చెబుతుంటే?"

"రాసిన మనిషి పలక చూడలేదు. మెట్టు ఇరవై సెంటీమీటర్లు. నీళ్లలో కాలు పెట్టి ఎన్నో మెట్టు తడిసిందో లెక్కపెట్టి రాశారు. మెట్టు సగం తడిస్తే పది. అందుకే రెండేళ్లుగా సున్నాలు. రిజిస్టరు ఆఫీసుకు పోయేది, పలక సరంగు చూసేవాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు."

ఇంజను మనిషి ఒక మెట్టు దిగాడు.

గొడుగాయన గొంతు తగ్గించాడు. "పెద్దాయనా, నిన్న మా ఆఫీసుకు మీరు చెల్లెల్ని పట్టుకుని వచ్చారనుకున్నాం. ఆవిడే మిమ్మల్ని నడిపించుకొచ్చింది, తనకు తెలియకుండానే. గ్లాసులో వేలు పెట్టి నీళ్లు పోశారు. ఇప్పుడు పలక మీద ఏ అంకె దగ్గర నీళ్లున్నాయో చదువుతారా?"

అన్నగారు పలక వైపు మొహం తిప్పాడు. పలక ఉన్నది కొంచెం ఎడమకు.

"చదవలేను," అన్నాడు. "రెండేళ్లయింది. ముందు అంచులు పోయాయి, తరువాత మధ్య. చెబితే ఉద్యోగం తీసేస్తారు. ఇరవై రెండేళ్లు చేసిన పని కదా, కాళ్లకు తెలుసులే అనుకున్నాను. తెలుసు కూడా. ఒక్క రోజు తప్పు రాయలేదు. బెజ్జాలే... చేతికి ఏవి అందితే అవే అనుకున్నాను." ఇంజను మనిషి మెట్టు దిగిన వైపు చెయ్యి చూపాడు. "వీడు రెండూ పది అన్నాక వచ్చి నీళ్ల దగ్గర అంకెలు తడిమాను. రెండు తగిలింది. పక్కన ఒకటి, సున్నా తగిలాయి. అప్పుడు తెలిసింది."

"తెలిసి పైకి లాగావా?" అన్నాడు ఇంజను మనిషి. "నన్ను ఆరు రోజులు అబద్ధాలకోరుని చేశావు. నీ బావని పారిపోయినవాణ్ణి చేశావు. పైగా వాళ్లింట్లో కూర్చుని ఓదార్చావు!"

"ఓదార్చడానికి కాదు. ఇంకెక్కడికి పోవాలో తెలియక."

సరంగు భార్య మెట్టు దిగి అన్నగారి ఎదురుగా వచ్చి నిలబడింది. వాళ్లిద్దరి మధ్య చేతెడు దూరం కూడా లేదు.

"నా మొహం కనపడుతోందా అన్నయ్యా?"

"గొంతు వినపడుతోంది చెల్లీ."

"నాకు చెప్పొచ్చుగా. రోజూ పొద్దున్న నేనొచ్చి చదివి పెట్టేదాన్నిగా. పది అడుగుల్లో ఉంది ఇల్లు."

ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె కొంచెం పక్కకు జరిగింది. ఆ చెయ్యి గాలిలోనే కాసేపు ఉండి కిందికి దిగింది. చివరికి ఇంజను మనిషే వచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

అధికారి టైపు చేసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. కొత్త కాగితం మీద అక్కడే నిలబడి రాశాడు. సరంగు దోషం లేదు. చివరి వరకు చుక్కాని వదలలేదు. రాసింది సరంగు భార్యకు చదివి వినిపించాడు. ఆమె రెండోసారి చదవమంది. చదివాడు.

తిరిగి వస్తుంటే టీచరమ్మ అంది, "నేనా వేలు చూశాను సార్. చూసి ఊరుకున్నాను."

"నేను వేలూ చూశాను, గడప దగ్గర తూలడమూ చూశాను. నిన్ననే అడగాల్సింది. ఆవిడ ముందు అడగలేకపోయాను," అన్నాడు గొడుగాయన.

సాయంత్రానికి పలకను సాక్ష్యంగా విప్పి తీసుకుపోయారు. ఇంజనీర్లు మళ్లీ కొలిచి కొత్తది బిగించేదాకా లాంచీలు తిరగకూడదని ఉత్తర్వు వచ్చింది. కొలిచేవాళ్లు ఇంకా రాలేదు. సరంగు శవం ఇంకా దొరకలేదు.