చెవిపూస వినిపించని పేరు

"పేర్లు చెప్పందే లోపలికి రానివ్వను!" అంటూ ధృతి రెండు చేతులూ తలుపుకి అడ్డం పెట్టింది.

2081లో కూడా ఈ ఆచారం పోలేదు. ఉప్పాడ తీరానికి ఎదురుగా సముద్రం మీద తేలే కాలనీ అది. ఇళ్ళు అలలతోపాటు మెల్లగా ఊగుతుంటాయి. గడపలకి పసుపూ కుంకుమా మాత్రం మామూలే. శ్రావస్తి, కౌస్తుభ్ పెళ్ళి పీటల మీంచి తిన్నగా పడవెక్కి వచ్చారు. కొంగుముడి ఇంకా విప్పనేలేదు.

"నేనూ, కౌస్తుభ్ వచ్చాం," అంది శ్రావస్తి ఒక్క గుక్కలో.

"నువ్వూ, ఎవరు వదినా?" అంది ఆడపడుచు.

"కౌస్తుభ్!"

"పెదాలు కదులుతున్నాయి గానీ పేరు రావట్లేదు. అబ్బో, ఎంత సిగ్గో!" చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

ఆ పేరు శ్రావస్తికి కూడా వినపడలేదు. పేరుండాల్సిన చోట ఖాళీ. ఆమె పక్కకి తిరిగి చూసింది. పడవ దిగేదాకా గలగలా మాట్లాడిన మొగుడు ఇప్పుడు నోరు కదుపుతున్నాడు, చప్పుడు లేదు. కౌస్తుభ్‌ని వెలివేశారు! ఏడాదిపాటు అతని గొంతు ఎవరికీ వినపడదు. కొత్త కాపురంలో మొదటి ఏడాది!

వెలి మీటని కనిపెట్టింది శ్రావస్తే. పుట్టగానే ప్రతి మనిషికీ చెవి వెనక చెవిపూస పెడతారు. రొదని వడకట్టే నాయిస్ ఫిల్టర్, ఏ భాషనైనా మార్చి చెప్పే ట్రాన్స్‌లేటర్, రెండూ అందులోనే. దానికి శ్రావస్తి బృందం వెలి మీట తగిలించింది. ఎవరైనా నొప్పించే మాటంటే ఆ మాట అందరి చెవిపూసల్లోకీ వస్తుంది. లక్షమంది మీట నొక్కితే అన్నవాళ్ళ గొంతూ పేరూ అందరి చెవుల్లోంచీ చెరిగిపోతాయి. పక్షపాతం ఉండకూడదని ఆమె అన్నవాళ్ళ పేరు దాచి, గొంతు మార్చి వినిపించే ఏర్పాటు కూడా చేసింది. దాని పేరు ముసుగు గొంతు.

"పూసా, మా ఆయన్ని ఎందుకు వెలివేశారు?" అంది శ్రావస్తి.

"నిన్న రాత్రి విందులో అన్న మాటకండీ. వినండి," అంది చెవిపూస. ఆ వెంటనే ఎవరిదీ కాని గొంతు పలికింది: "మన తేలుడు కాలనీ పులిహోర పశువులు కూడా ముట్టవు."

శ్రావస్తి గుర్తుపట్టింది. పొద్దున పాదాలకి పారాణి ఆరబెట్టుకుంటూ విన్న మాటే అది. మా అత్తవారి ఊరిని అంతమాట అంటాడా అని అప్పుడే మీట నొక్కేసింది.

"మిగతాది కూడా వినిపించు."

"మిగతాది ఇంతవరకూ ఎవరూ అడగలేదండీ. మీరే మొదలు."

"...అని మా చెల్లి చిన్నప్పుడు అనేది. ఇవాళ చూడండి, మూడో విస్తరి లాగిస్తోంది!"

శ్రావస్తి చెవిపూస పీకేసింది. సముద్రం ఒక్కసారిగా హోరుమంది. పక్కింట్లో ఎవరో తుమ్మారు. పడవ తాడు కిర్రుమంది. ఇంత చప్పుడుందా లోకంలో! ఆ హోరులోంచి కాస్త బొంగురుగా, కాస్త ముక్కుతో వచ్చింది ఓ గొంతు: "శ్రావస్తీ, ఏమైంది? ఎందుకలా చూస్తున్నావ్?"

చెవిపూస ఇన్నాళ్ళూ నున్నగా చెక్కి వినిపించిన గొంతు కాదిది. ఇది అతని సొంత గొంతు. ఎంత బాగుందో! ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"నిన్ను వెలివేశారు. నిన్నటి పులిహోర మాటకి. నేనూ నొక్కాను కౌస్తుభ్! నువ్వని తెలీదు. మనిషిని దాచేస్తే మాటని న్యాయంగా తూస్తారనుకున్నాను."

ధృతి నాలిక కరుచుకుంది. "ఆ పులిహోర మాటా? అయ్యో వదినా, అసలా మాట నాదే! ఎవడో పొగరుబోతు అనుకుని నేనూ నొక్కేశాను!" అంటూ తనూ చెవిపూస తీసేసింది. ఆమెని చూసి గడపలోని ఆడవాళ్ళంతా ఒక్కొక్కరే తీసేశారు. నొక్కని వాళ్ళెవరూ అక్కడ లేరని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

కౌస్తుభ్ మాత్రం తలొంచుకుని కొంగుముడితో ఆడుకుంటున్నాడు.

"కోపమొచ్చిందా?" అంది శ్రావస్తి.

"అది కాదు," అన్నాడతను మెల్లగా. "పొద్దున పీటల మీద కూర్చున్నప్పుడు ఆ మాట నా చెవిలోనూ పడింది. వాడెవడో గానీ ఒళ్ళు మండిపోయింది. పంతులుగారు చూడకుండా నేనూ నొక్కాను."