పిండిడబ్బా వెనక సాకెట్

ఆ ఉదయం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. డిష్‌కు అడ్డొచ్చే మబ్బుతునక ఒక్కటీ లేదు. శత్రువుకు కలిసొచ్చిన రోజు.

గూఢచార శాఖ పెద్దాయన బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో ముగించాడు. ఒంటిగంటకు శత్రువుల మేడ మీది డిష్‌లోకి మన ఏజెంట్ల జాబితా కోడ్‌లో దిగుతుంది. హాల్లోని బాక్స్ దాన్ని పట్టి, గోడల్లోని పాత టీవీ తీగ మీదుగా పైగదికి పంపుతుంది. అక్కడ కోడ్ విప్పే డీకోడర్‌తో కాచుకుని ఉండేది ముత్యాలావిడ, మన దగ్గరా విదేశీ ముఠా దగ్గరా జీతం తీసుకున్న అందగత్తె. జాబితాలో మొదటి పేరు, ఆర్నెల్లుగా ఆ ఇంట్లోనే వంటమనిషి వేషంలో ఉన్న ఏజెంట్‌ది. ఆమె ఏజెంట్ తొమ్మిదికి సొంత అక్క.

"వచ్చెయ్యమన్నాను. డీకోడర్ చేజిక్కందే పొయ్యి ఆర్పనంది," అన్నాడు పెద్దాయన.

పదకొండింటికి ఏజెంట్ తొమ్మిది డిష్ మెకానిక్ వేషంలో గేటు ముందు నిలబడ్డాడు. టీవీ బాగానే ఉందని కాపలావాడు తరిమేశాడు. తొమ్మిది ఎదురుగా గోడనీడలో కూర్చున్నాడు.

ఆ ఇంటికి తీగ లాగినవాడు పొదుపరి. ఒకే తీగను గది నుంచి గదికి అతుకుతూ పోయాడు. ముఠావాళ్లు గదులన్నీ తనిఖీ చేశారు గానీ వంటింట్లో అడుగు పెట్టలేదు. పిండిడబ్బా వెనక పాత టీవీ సాకెట్ ఒకటి మిగిలిపోయింది. పన్నెండున్నరకు అక్క అందులో పిన్నీసు గుచ్చింది. నడిమి రాగితీగకు చుట్టూ ఉన్న సన్నతీగల అల్లిక తగిలింది. గదులన్నిటా సిగ్నల్ చచ్చింది.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. ఈసారి "అన్నా" అని పిలిచాడు.

పైగదిలో తొమ్మిది డీకోడర్ స్క్రూలు విప్పుతుంటే ముత్యాలావిడ అతని చేతులనే చూసింది. రోజూ నిచ్చెనలెక్కేవాడి అరచేతులు అంత నున్నగా ఉండవు. పిస్టల్ తీసింది.

"ఎవరు నువ్వు?"

"కాల్చండి. ఒంటిగంటకు మూడు నిమిషాలుంది. తీగ మీరు బాగుచేసుకుంటారా?"

ఆమె గడియారం వైపు చూసింది. వెనక నుంచి వేడి గరిటె ఆమె మణికట్టు మీద పడింది. కిందపడ్డ పిస్టల్‌ను తొమ్మిది కాలితో తొక్కిపట్టాడు.

"డీకోడర్ దొరికిందిగా అక్కా. ఇక పొయ్యి ఆర్పు."

"కూర ఉడకనీరా."

ఒంటిగంట కొట్టింది. ఆకాశం నుంచి దిగిన జాబితా పిన్నీసు దాటలేక హాల్లోనే ఆగిపోయింది. మన జీపులు గేటు తోసుకుని వచ్చాయి.

ఆజ్ఞ ధిక్కరించినందుకు అక్కకు ఇవ్వాలని పెద్దాయన మెమో టైపు చేయించి తెచ్చాడు. ఆమె మూడు పళ్లాలు పెట్టింది. ఆయన గరిటె వైపు ఒకసారి చూసి, కాగితం జేబులోనే ఉంచుకున్నాడు.

ముగ్గురూ కూర వడ్డించుకుని తిన్నారు.