పద్మిని కారుల ఆడమనిషి

వనపర్తిల పెబ్బేరు పోయే తొవ్వకు ఎడమపక్క ఒక గల్లీ ఉన్నది. గల్లీ చివర ఒక ఇల్లు, ఇంటి పక్కన రేకుల షెడ్డు. దాని అవుతల సర్కారు తుమ్మలు, ఇగ అన్నీ చేన్లే.

పొద్దుగూకినంక ఆ షెడ్డు ముంగటికెల్లి ఎవ్వరూ పోరు. చేన్ల కాడికెల్లి వచ్చేటోళ్లు గూడ చుట్టు తిరిగి రోడ్డెక్కి వస్తరు. పాలు పోసే రంగమ్మ క్యాన్లు మోసుకుంట అంత దూరం నడుస్తది గాని, ఆ తొవ్వ తొక్కదు.

నా పేరు తిరుపతయ్య. ఆటో నడుపుత. రాత్రిపూట ఎవరన్న "గల్లీ చివరికి పోనియ్యి" అంటే మొదట్ల పోనిచ్చేటోణ్ని. తర్వాత నేను గూడ మూలమీదనే ఆపుడు షురూ చేసిన.

ఎందుకంటే ఆ షెడ్డుల ఒక పాత కారున్నది. ఆ కారు వెనుక సీట్ల... ఒక ఆడమనిషి కూసుంటది.

నేను నా కండ్లతోని చూడలే. చూసినోళ్లు చెప్పింది కొంత, ఆ ఇంటాయన మహిపాల్ తన నోటితోని చెప్పింది కొంత. ఉన్నదున్నట్టు చెప్త.

మహిపాల్‌కు కాలువల ఆఫీసుల నౌకరి. గేట్ల కాడ డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మంచోడే. తాగడు, ఒకరి జోలికి పోడు. ఉన్నది ఒకటే పిచ్చి, పాత కార్లు.

అలంపూర్ల ఒక ఇంటెనక పడున్న పద్మిని కారును డీసీఎం వ్యానుల ఎక్కించుకొని తెచ్చిండు. రెండువేల తొమ్మిదిల తుంగభద్ర పొంగి ఊర్ల మీద పడ్డప్పుడు ఆ కారు నీళ్లల్ల మునిగిందట. తలుపుల సందుల్ల ఒండ్రుమట్టి రాయి లెక్క గట్టిపడ్డది. సీట్లల్ల ఎలుకలు పిల్లలు పెట్టినయి. చూసినోళ్లందరు పాతసామానోనికి కిలోల లెక్కన ఇచ్చెయ్యమన్నరు. మహిపాల్ మాత్రం దాని మీద చెయ్యి పెట్టి, ఇంట్ల పిల్లను నిమిరినట్టు నిమిరిండు.

ఎవరన్న చూడొస్తే చాలు, షెడ్డుల నిలబెట్టి పాఠం చెప్పేటోడు.

"పాత ఇంజన్ దొరకంగనే తాళం తిప్పొద్దన్నా. ప్లగ్గులు ఊడదీసి, ఆ బొక్కల్ల జర నూనె పోసి నాననియ్యాలె. తర్వాత చేతితోని మెల్లగ తిప్పాలె. తొందరపడితె లోపల పట్టేస్తది."

"తుప్పు మీద రంగు ఎయ్యొద్దు. పైకి మెరుస్తది గాని, కింద తింటనే ఉంటది. ఇనుము తెల్లగ కనబడేదాక గీకాలె. అప్పుడు ప్రైమరు. అది ఆరినంక నీళ్లల్ల తడిపిన గరుకు కాయితంతోని రుద్దాలె. మళ్ల ప్రైమరు."

ఊడదీసిన ప్రతి నట్టుకు ఒక డబ్బా. ప్రతి డబ్బాకు ఒక పేరు. షెడ్డును గుడి లెక్క ఉంచేటోడు.

ఆయన పెండ్లాం పూజ చాయ పట్టుకొని షెడ్డు గడప కాడ నిలబడేది. కోడేరు పిల్ల. సన్నగ, నెమ్మదిగ ఉంటది. ఆయన కారు కింద పండుకొని "అక్కడ పెట్టు" అనేటోడు. ఆమె పెట్టిపోయేది. చాయ మీద మీగడ కట్టేది.

"నీ సవతి ఎట్లున్నది పూజా?" అని గల్లీల ఆడోళ్లు నవ్వేటోళ్లు. పూజ గూడ నవ్వేది.

పోయిన ఎండకాలం మహిపాల్ ఆ కారు ముందర అద్దం కోసం హైదరాబాద్ పోయిండు. ఆ మాడల్ అద్దం ఇప్పుడు దొరకదట, ఎవరి దగ్గరనో ఒక్కటి ఉన్నదని తెలిసింది. ఆ పొద్దే వాళ్లమ్మ నాగేంద్రమ్మ ఆటోల అడ్డ కాడికి ఉరికొచ్చింది. చెప్పులు గూడ లెవ్వు.

"తిరుపతయ్యా... జల్ది రా బిడ్డా. కోడలికి బాగలేదు."

పూజకు ఐదో నెల. నేనే దవాఖానకు తీస్కపోయిన. దార్ల ఆటో సీటు తడిసింది. "అన్నా, గుంతలల్ల మెల్లగ పోనియ్యి," అన్నది గంతే. ఇంకొక్క మాట లేదు.

నిలవలే.

మహిపాల్‌కు ఫోన్ మీద ఫోన్ చేసిన. ఎత్తలే. ఎట్ల ఎత్తుతడు... బస్సుల ఒళ్లో అద్దం పెట్టుకొని, పగుల్తదేమోనని రెండు చేతులు దానికే అడ్డం పెట్టుకొని కూసున్నడు. ఫోను సంచి అడుగున ఉన్నది.

దవాఖానల నాగేంద్రమ్మ కోడలి నోటికి కొంగు అడ్డం పెట్టింది. "ఏడ్వకు బిడ్డా. ఇంట్ల ఏడుపు వినబడితె మళ్లొకటి నిలవదు." ముసలామె చెడ్డది గాదు. ఆమె కండ్లల్ల గూడ నీళ్లే ఉండె.

సాయంత్రం బస్టాండుకు పోయి మహిపాల్‌ను ఎక్కించుకున్న. తొవ్వల ముచ్చట చెప్పిన. ఆయన ముఖం కాలిపోయినట్టయింది. గల్లీ మూల మలగంగ మాత్రం "జర షెడ్డు కాడ ఆపు" అన్నడు. దిగి, పాత బొంత పరిచి, దాని మీద అద్దం పండవెట్టి, పైన ఇంకో బొంత కప్పి వచ్చిండు. అప్పుడు దవాఖానకు పోయినం.

అది తప్పా అంటే... అద్దం చేతుల పట్టుకొని దవాఖానకు ఎవరు పోతరు? నేను గూడ అప్పుడు ఏమనుకోలే.

ఆ తర్వాత ఆ ఇంట్ల ఆ ముచ్చట ఎవ్వరూ తియ్యలే. మహిపాల్ డ్యూటీ లేనప్పుడల్ల షెడ్డులనే.

గల్లీ మాత్రం ఊకుంటదా! ఎవరు పుట్టించిన్రో తెల్వదు... వరద వచ్చిన రాత్రి ఒక ఆడమనిషి చంటిపిల్లను ఎత్తుకొని ఆ కారుల ఎక్కి తలుపులు ఏసుకున్నదట. నీళ్లు లోపలికొస్తే తలుపు తెరుచుకోలేదట. ఆమె ఇంకా అండ్లనే ఉన్నదట. పిల్ల కోసం చూస్తున్నదట.

నాగేంద్రమ్మ అది నమ్మింది. "ఆ కారొచ్చినంకనే నా ఇంటి దీపం ఆరింది. లోపలున్నదే మింగింది." బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. మహిపాల్ అలంపూర్ల పాత ఓనరుకు ఫోన్ చేసి అడిగిండు. "మా కోళ్లు సచ్చినయి అండ్ల. మనుషులెవ్వరు సావలే," అన్నడట ఆయన. నిమ్మకాయలు విప్పి పారేసిండు.

గాని... అప్పటిసందే కారుల ఏదో తేడా.

బ్యాటరీ దిగుడు షురువైంది. రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చి చూస్తే... దిగిపోయి ఉంటది. పగటి డ్యూటీ వారంల మంచిగుంటది. ఎక్కడనో కరెంటు లీకైతున్నదని మొత్తం వైరింగు విప్పిండు. తీగ తీగ చూసిండు. ఏం దొరకలే.

తర్వాత వెనుక సీటు మీద కొత్తగ కుట్టించిన గుడ్డకు నీటి మరకలు. వాన లేదు, చినుకు లేదు. వెనుక అద్దం కాడికెల్లి తడి దిగుతున్నదేమో అనుకొని, నాలుగు తలుపులకు, అద్దాలకు రబ్బర్లన్నీ కొత్తయి ఏసిండు. ఎంత నీటుగ ఏసిండంటే... తలుపు ఏస్తే "టప్" మని ఒకటే సప్పుడు. ఇగ లోపలికి గాలి గూడ పోదు.

ఆ వారంలనే సాంసన్ చూసిండు.

సాంసన్ టింకరింగు పని చేస్తడు. పగలు సొట్టలు తీసి, సుత్తె మర్చిపోయి, చీకటి పడ్డంక దాని కోసం వచ్చిండు. మహిపాల్ డ్యూటీల ఉన్నడు. షెడ్డు తలుపు దగ్గరేసి ఉన్నది గాని గొళ్లెం లేదు. నెట్టిండు.

కారు లోపల చిన్న లైటు వెలుగుతున్నది. పసుపు నీళ్ల లెక్క...

వెనుక సీట్ల ఒక ఆడమనిషి. ఎంటికెలు ముఖం మీద పడ్డయి. ముందర సీటును రెండు చేతులతోని పట్టుకొని, ముంగటికి, ఎనకకు ఊగుతున్నది. అద్దాల మీద ఆవిరి. ఆ ఆవిరి ఎనక... నోరు పెద్దగ తెరిచి ఉన్నది.

సప్పుడు లేదు.

"నోరు తెరిచి అరుస్తున్నది తిరుపతన్నా," అన్నడు సాంసన్ మర్నాడు నాతోని. "గొంతు నరాలు ఉబ్బినయి. గంత అరుస్తున్నది... గాని ఇంత సప్పుడు లేదు. ప్రభువు తోడు."

సుత్తె గూడ తీసుకోలే. మళ్ల ఆ షెడ్డు ముఖం చూడలే.

ఇగ ఊరంత గుప్పుమన్నది.

మహిపాల్ నమ్మలే. దొంగలో, తాగుబోతులో వచ్చి పండుకుంటున్నరని ఆయన అనుమానం. రాత్రి డ్యూటీ వారం వచ్చింది. ఒకనాడు లీవు పెట్టిండు, ఇంట్ల చెప్పలే. పూజ కట్టిన టిఫిను డబ్బా పట్టుకొని ఎప్పటిలెక్కనే బండి మీద బయల్దేరి, మా ఇంటికొచ్చిండు.

"అన్నా, బండి ఈడ పెడ్త. ఎవ్వరికి చెప్పకు."

"నేను గూడ వస్త," అన్న.

"వద్దు. ఇద్దరముంటే వాడు రాడు."

చేన్ల దిక్కుకెల్లి నడుచుకుంట పోయి, చప్పుడు గాకుండ షెడ్డుల దూరి, రంగు డబ్బాల ఎనక కూసున్నడు. చేతుల పెద్ద ఇనుప పాన. థిన్నరు వాసన. దోమలు. ఇంట్ల టీవీ బందయింది. వాళ్లమ్మ దగ్గు వినబడ్డది, తర్వాత అదీ ఆగింది.

ఇంకొంచెం సేపటికి... షెడ్డు తలుపు కదిలింది.

గజ్జెల సప్పుడు లేదు, ఏం లేదు. ఉత్త కాళ్లతోని ఎవరో నడిచిన్రు. చీకట్ల చీర అంచు ఒకటి కదిలింది. కారు తలుపు తెరుచుకున్నది... చిన్న లైటు వెలిగింది... టప్. మూసుకున్నది.

"అన్నా, పాన గట్టిగ పట్టుకున్న," అన్నడు మహిపాల్ నాతోని. "డబ్బాల సందులకెల్లి చూసిన."

కారు కదులుడు మొదలైంది. చక్రాలు కదులుతలెవ్వు, స్ప్రింగుల మీద మెల్లగ ఊగుతున్నది. ముంగటికి... ఎనకకు... ముంగటికి... ఎనకకు. లోపలికెల్లి సప్పుడు మాత్రం లేదు. అద్దాల మీద ఆవిరి ఎక్కుతున్నది.

మహిపాల్ లేచిండు. ఒక్కొక్క అడుగు వేసుకుంట పోయిండు. అద్దంలకెల్లి చూసిండు, ఏం కనబడలే. అంతలనే లోపలికెల్లి ఒక అరచెయ్యి వచ్చి అద్దానికి అంటుకున్నది. ఐదు వేళ్లు. ఆవిరి మీద కిందికి జారింది...

పాన పైకెత్తి, కండ్లు మూసుకొని, తలుపు గుంజిండు.

ఏడుపు!

కట్ట తెగినట్టు ఒక్కసారే బయట పడ్డది. షెడ్డు రేకులు మారుమోగినయి. మనిషి ఏడుపు గాదది... దూడ పోయిన బర్రె అరిచినట్టున్నది అన్నడు.

పూజ.

ఒళ్లో ఒక చిన్న అంగీ. పుట్టబోయేదానికని కోడేరుకెల్లి వాళ్లమ్మ కుట్టి పంపింది. నోట్లె కొంగు కుక్కుకుంటున్నది, ఆగుతలేదు.

"పూజా... నువ్వా?"

ఆమె తల ఎత్తి చూసింది. భయపడలే, సిగ్గుపడలే. బాగ అలిసిపోయినట్టు చూసింది.

"ఇంట్ల ఏడ్వొద్దన్నది అత్తమ్మ. నువ్వేమో ముచ్చటే తియ్యవు. ఈడయితే... ఎవ్వరికి వినబడదు."

మహిపాల్ పాన కింద పెట్టిండు.

"గల్లీల అందరికి కనబడ్డ," అన్నది. "నీకొక్కనికే కనబడలే."

ఇంట్ల వాళ్లమ్మ మళ్ల దగ్గింది. పూజ గొంతు గుసగుసకు దిగింది.

"తలుపు మూసెయ్. అత్తమ్మ లేస్తది."

...తెల్లారి ఎప్పటిలెక్కనే చాయ ఇచ్చింది. ఆదివారం నాడు వాళ్లన్న వస్తే, సంచి సర్దుకొని కోడేరు పోయింది. రెండ్రోజులల్ల వస్తదనుకున్నరు. వానలు పడి, పత్తి పూతకొచ్చింది... రాలే.

మొన్న మహిపాల్ నా ఆటోల్నే కోడేరు పోయిండు, ఆమెను తోలుకొస్తనని. నేను వేపచెట్టు కింద ఆపుకొని కూసున్న. జర సేపట్లనే ఒక్కడే బయటికొచ్చిండు. గడప దాకా వచ్చి మాట్లాడిందట. తిట్టలే. "నువ్వు మంచిగుండు" అన్నదట. లోపలికి పోయిందట.

వాపసు వస్తుంటే తొవ్వల చాయ హోటలు కాడ ఆపిన. అక్కడనే ఇదంత చెప్పిండు. గల్లీల మాత్రం ఈ ముచ్చట బయట పెట్టలే. దెయ్యమనే అనుకోనియ్యి అన్నడు.

నాకొకటి అర్థం కాలే. అడగాల్నా వద్దా అనుకుంటనే అడిగిన.

"ఆ రాత్రి... తలుపు మూసెయ్ అన్నది గదా తమ్మీ. మరి నువ్వేం చేసినవ్?"

"మూసిన."

"లోపల ఆమె పక్కన కూసోని?"

లారీ ఒకటి పోయింది, దుమ్ము లేచింది.

"బయట నిలబడి," అన్నడు.