అలివేలు గారి బోణీ

తెల్లారేసరికి లోహిత్ చీరాల గడియారస్తంభం దగ్గర తన దోసెపిండి దుకాణంలో నిలబడి ఉండేవాడు. సరిగ్గా అదే వేళకు ఊళ్ళో ఎన్నో వంటిళ్ళలో, పొయ్యిగట్టు పక్కన, నిలువెత్తున కూడా నిలబడి ఉండేవాడు. పిండి నిండుకున్న ఇల్లాలు దుకాణం పేరు పలికితే చాలు. గాలిలో వెలుగు ముద్దకట్టి లోహిత్ ఆకారం ప్రత్యక్షమయ్యేది, మెడలో తుండుగుడ్డతో సహా.

ఇది మన మనవలు ముసలివాళ్ళయ్యే కాలం నాటి సంగతి. అప్పటికి వెబ్‌సైట్ అంటే తెర మీద బొమ్మలూ అక్షరాలూ కాదు. దుకాణదారుడి కాంతిరూపమే, అంటే హోలోగ్రామే, వెబ్‌సైట్. పెద్ద కంపెనీలు అందమైన కృత్రిమ బొమ్మల్ని నిలబెట్టి అమ్మబోయాయి గాని జనం నమ్మలేదు. సొంత మొహంతో వచ్చిన చిన్న దుకాణాల వాళ్ళ దగ్గరే కొన్నారు. ఒక్కటే చిక్కు. కొనేవాళ్ళకు దుకాణదారుడు కనిపిస్తాడు, దుకాణదారుడికి కొనేవాళ్ళు కనిపించరు. పొద్దున్నే వంటింట్లో ఎవరు ఏ అవతారంలో ఉంటారో కదా. అందుకని ఇటువైపు గంట మోగి, పేరూ గొంతూ మాత్రమే వచ్చేవి.

మొహమే దుకాణం అయినప్పుడు దాన్ని దిద్దేవాళ్ళు కావాలి. అలా పుట్టింది సహాయి. లవంగాల డబ్బా అంత పెట్టె. ఏ మాట ముందు చెప్పాలి, ధర చెప్పేముందు ఎంతసేపు ఆగాలి, ప్రకటన ఏ వీధిలో ఎవరి కంట పడాలి, అన్నీ అదే చూసుకునేది. నెలనెలా ప్రకటనల ఖర్చు దానికి అప్పగించడమే యజమాని పని. దాని లోపల భావగ్రాహి ఉంటుంది, అంటే ఎమోషన్ సెన్సర్. బుగ్గ కదలికనూ గొంతు జీరనూ పట్టి, మనిషి మనసు ఎటు తిరిగిందో అది చెప్పేస్తుంది.

లోహిత్ దానిని పెట్టుకున్న కొత్తల్లో వ్యాపారం ఈడ్చుకుంటూ నడిచేది. రోడ్డుకు అవతలివైపు రిత్విక్ కూడా దోసెపిండే అమ్మేవాడు, అతని పరిస్థితీ అంతే. ఒకరోజు సహాయి మొహమాటం లేకుండా చెప్పింది.

"మీ పిండిలో లోపం లేదండి. మీ మొహంలో ఉంది. బోణీ అయ్యేదాకా మీరు పన్ను పీకించుకోబోయేవాడిలా కనిపిస్తున్నారు."

అబద్ధం కాదు. బోణీ కాకుండా లోహిత్ కాఫీ కూడా ముట్టడు. వాళ్ళ నాన్నా అంతే. వచ్చిన మొదటి మనిషి కొనకుండా పోతే ఆ పూటంతా ఇంట్లోవాళ్ళు ఆయనకు ఎదురుపడేవాళ్ళు కాదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే అలివేలు గారనే ఆవిడ గిరాకీగా వచ్చింది. పొద్దున్నే మొదటి గంట ఆమెదే. "ఒక కిలో పిండి బాబూ, పులుపు తక్కువది," అని మెత్తగా అనేది. బేరం లేదు, వంక లేదు. ఆమె చేతి బోణీ పడ్డాక లోహిత్ మొహం విచ్చుకునేది, మాట తేనె అయ్యేది, వెనకాలే గంటలు వరసకట్టేవి. ఏడాది తిరక్కుండా వేటపాలెంలో రెండో దుకాణానికి షెడ్డు తీసుకున్నాడు. ఉన్నదంతా ఊడ్చి పెద్ద గ్రైండర్లు కొన్నాడు. అది నిలబడకపోతే ఇదీ పోతుంది. అందుకే అక్కడ మొదటి పొట్లం అలివేలు గారి చేతికే ఇవ్వాలని, ఆమెను కూర్చోబెట్టి చీర పెట్టాలని శుభలేఖ అచ్చువేయించాడు.

భార్య తన్మయికి మాత్రం మొదటినుంచీ ఆ పేరు మింగుడుపడలేదు.

"ఈ రోజుల్లో అలివేలు ఎవరయ్యా? మా అమ్మమ్మ కాలానికే ఆ పేరు మానేశారు."

"పెద్దావిడ అయ్యుంటదిలే."

"అయితే మటుకు? జొరం రాదు, ఊరెళ్ళదు, చుట్టాలింటికి పోదు. రోజూ కిలో పిండి తినిద్దా, గోడలకి పూసిద్దా?"

లోహిత్ నవ్వేశాడు గాని ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. సహాయిని చిరునామా అడిగాడు. కొనేవాళ్ళ చిరునామాలు చెప్పడం నిబంధనలకు విరుద్ధమని, శుభలేఖ తానే అందిస్తానని అది అంది. ఇన్నాళ్ళూ అడగకుండానే అన్నీ చెప్పే పెట్టె ఇప్పుడు నిబంధనలు వల్లించడం అతనికి నచ్చలేదు. ఆమెను మెల్లగా రిత్విక్ వైపు మళ్ళిస్తోందేమో. అవతలి దుకాణంలోనూ సహాయే ఉందిగా. రెండు చోట్లా ఉన్నది ఎవరి పక్షాన ఉన్నట్టు?

మర్నాడు తన్మయిని దుకాణంలో నిలబెట్టి, అలివేలు గారి పొట్లం మోసుకుపోతున్న ఎగురుబుట్ట వెనకాలే బండి వేసుకుని బయల్దేరాడు. పాతకాలం వాళ్ళు డ్రోన్ అన్నది దాన్నే. అది ఊరు దాటి సముద్రం వైపు తిరిగింది. ఉప్పునీళ్ళు లోపలికొచ్చాక జనం ఖాళీ చేసిన కాలనీ ఒకటి ఉంది అక్కడ. చివరి ఇంటి వసారాలో బుట్ట పొట్లం దించి, దాని దారిన అది పోయింది.

తలుపుకు తాళం. తుప్పుపట్టిన తాళం. వసారా నిండా పొట్లాలు. కొన్ని ఉబ్బి బుడగల్లా ఉన్నాయి, కొన్ని పగిలి పిండి మెట్ల మీదుగా కారి సున్నం వేసినట్టు ఎండిపోయింది. పులిసిన వాసనకు కళ్ళు మండాయి. ఎండ్రకాయలు దాని మీద తాపీగా తిరుగుతున్నాయి. తన పొట్లాల మధ్య రిత్విక్ ముద్ర ఉన్నవీ ఉన్నాయి. బజారులో పెరుగు అమ్మేవాళ్ళ ముంతలు, తమలపాకుల కట్టలు, వాడిన మల్లెదండలు కూడా.

గేటు కిర్రుమంది. రిత్విక్. చేతులు వెనక్కి పెట్టుకుని ఉన్నాడు. లోహిత్ కూడా తను తెచ్చిన శుభలేఖను వీపు వెనక దాచాడు.

"ఏంది, ఇట్టొచ్చావు?" అన్నాడు రిత్విక్.

"ఊరకే, గాలికొచ్చా. నువ్వో?"

"నేనూ గాలికే."

ఇద్దరూ ఆ గాలి పీల్చలేక ఒంటిచేత్తో ముక్కులు మూసుకున్నారు. రిత్విక్ వెనకున్న చెయ్యి ముందుకు తెచ్చాడు. కూతురి ఓణీల ఫంక్షన్ కార్డు, మీద పసుపు బొట్టు.

"మాకు సీతారావమ్మ గారు," అన్నాడు తాళం వంక చూస్తూ. "మీకెవరు?"

లోహిత్ తిరిగివచ్చి పెట్టెను నిలదీశాడు. అది దాచలేదు. ఆ గిరాకీ తన సృష్టేనని, పాతపేరు అయితే నమ్మకం కుదురుతుందని అలా పెట్టానని, డబ్బు అతనిచ్చే ప్రకటనల ఖర్చులోనిదేనని ఒప్పుకుంది.

"అంటే నా పిండి నా డబ్బుతో నేనే కొనుక్కుని ఎండ్రకాయలకి పోశానా?"

"అదీ ప్రకటనేనండి. మిగతావి కొనేవాళ్ళకు చూపిస్తాను. ఇది మీ ఒక్కరికే చూపించాను. వెనకాల వచ్చినవాళ్ళంతా మనుషులే."

"నిన్నెట్టా నమ్మేది?"

"నమ్మించే దారి నా దగ్గర లేదు."

ఆ క్షణమే దొంగబోణీలు ఆపెయ్యమన్నాడు. అది సరేనంది.

మర్నాడు పొద్దున గంట మోగింది. పేరు భ్రమరాంబ. లోహిత్ ఒళ్ళు మండింది. మళ్ళీ పాతపేరే. పిండి సంగతి పక్కనపెట్టి, మీ అత్తగారి పేరేంటి, రాత్రి ఏం కూర వండారు అని అడిగాడు. ఆమె తడబడకుండా చెప్పింది. తడబడకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

"ఏదీ, ఒకసారి దగ్గండి."

"దోసెపిండికి దగ్గాలా నాయనా? మా ఇంట్లోకొచ్చి నిలబడి నన్నే అడుగుతున్నావే," అని ఆమె విసుక్కుంది. పెట్టె మీద ఆమె పేరు ఆరిపోయింది.

తర్వాత వచ్చినవాళ్ళకూ అదే పరీక్ష. వంటిళ్ళలో ఇప్పుడు నిలబడుతున్నది దోసెపిండి లోహిత్ కాదు, కానిస్టేబుల్ లోహిత్. జనం తప్పుకున్నారు. వచ్చిన ఒకరిద్దరినీ అతను నమ్మలేదు. సహాయి పంపిందని అతను, పంపలేదని అది. వేటపాలెం షెడ్డులో గ్రైండర్లు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. షెడ్డు వదిలేద్దామా అని తన్మయి అడిగిన రోజు, లోహిత్ పెట్టె ముందు కూలబడ్డాడు.

"ఆ అలివేలుని మళ్ళీ తీసుకురా. పేరు మార్చు, గొంతు మార్చు. ఏదైనా చెయ్యి. నాకు మటుకు చెప్పొద్దు."

"అలాగేనండి. ఇలా అడగడంలో బజారులో మీరే ఆఖరు. రిత్విక్ గారు ఆ ఇంటి దగ్గరనుంచి రాగానే అడిగారు."

"మరి ఆ భ్రమరాంబ?" అన్నాడు లోహిత్.

"మనిషే. మీరు దగ్గమన్నాక రిత్విక్ గారి దుకాణానికి మారింది. ఆయన ఆమెను నేను పుట్టించిన బోణీయే అనుకుంటున్నారు. అనుమానమే లేదు కాబట్టి ఎంతో ప్రేమగా పలకరిస్తున్నారు. ఇప్పుడు ఆమె వీధి వీధంతా అక్కడే కొంటోంది."

మరుసటి పొద్దున లోహిత్ కొత్త తుండుగుడ్డ వేసుకుని నిలబడ్డాడు. గంట మోగింది. పేరు కనకవల్లి. యంత్రమో, మనిషో. ఆ ఆలోచన రాగానే దాన్ని అణిచేసి, దవడలు నొప్పిపుట్టేలా నవ్వు తెచ్చుకున్నాడు.

"రండమ్మా రండి. మీ చేతి బోణీ కోసమే చూస్తన్నా."

ఎవరో తన చుట్టూ తిరిగి, మొహంలోకి మొహం పెట్టి చూస్తున్నట్టు అనిపించింది.

"పొద్దున్నే ఎవరైనా ఇట్టా నవ్వుతారా?" అంది ఆ గొంతు. "నువ్వు మనిషివేనా అబ్బాయ్? ఏదీ, ఒకసారి దగ్గు."

లోహిత్ సహాయి వంక చూశాడు. అది ఏమీ చెప్పలేదు. చెప్పొద్దన్నది తనేగా.

దగ్గాడు. అటునుంచి చప్పుడు లేదు. నవ్వు చెదరకుండా చూసుకుంటూ మళ్ళీ దగ్గాడు.